సగం గ్లాసు బ్లాక్ టీ

కాయ ఎండిందో లేదో పుల్లమ్మ చెవికి తెలుస్తుంది. గుప్పెడు మిరపకాయలు తీసి చెవి పక్కన ఒక్కసారి ఊపుతుంది. లోపల గింజలు గలగలమంటే సరే. మొద్దుగా మోగితే, "దీనికింకా ఒక ఎండ కావాలి" అని పక్కకి తోసేస్తుంది. తేమ కొలిచే యంత్రం చలమయ్య దగ్గరా ఉంది. ఇరవై రెండేళ్ళలో యంత్రం ఒకటి చెప్పి పుల్లమ్మ ఇంకొకటి చెప్పిన రోజుల్ని ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టగలడు. ఆ రోజుల్లో కూడా తప్పు యంత్రానిదే అయింది.

అలాంటి పుల్లమ్మ కొలతే ఆ మంగళవారం తప్పింది.

చలమయ్య షెడ్డు గుంటూరు దాటాక చిలకలూరిపేట రోడ్డు పక్కన ఉంటుంది. పదిహేనుమంది ఆడవాళ్ళు పొద్దున ఆరున్నరకి ఆటోల్లో దిగి, గోనెపట్టాల మీద బారుగా కూర్చుని, కాయకి తొడిమ తీసి, రంగు పోయిన తాలు కాయ ఏరేసి, మంచి సరుకుని సంచులకి ఎక్కిస్తారు. వాళ్ళకి మేస్త్రి పుల్లమ్మ. ఆ సరుకుని పై దేశాలకి పంపే కంపెనీ ఈ ఏడు కొత్త నిబంధన పెట్టింది. మిరప ఘాటులో పనిచేసేవాళ్ళందరికీ వారం వారం బీపీ చూడాలి. పై అంకె నూట అరవై దాటితే వారం గడువు. మరుసటి మంగళవారం కూడా దాటితే ఇక షెడ్డులో అడుగుపెట్టకూడదు.

చూడటానికి కంపెనీ తరఫున వచ్చేది హేమశ్రీ అనే నర్సు. ఒంగోలు అమ్మాయి. స్కూటీ మీద వచ్చి, చలమయ్య ఆఫీసు గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, పదకొండు గంటల టీ అయిన వెంటనే ఒక్కొక్కరినే పిలుస్తుంది. ముందు కాగితంలో ఉన్న ప్రశ్నలు గడగడా చదివేస్తుంది.

"టీ, కాఫీ తాగారా? పొగాకు అలవాటుందా? బాత్రూముకి వెళ్ళొచ్చారా?"

"ఆఁ. లేదు. ఆఁ," అంటారు వాళ్ళు, తల వంచుకుని. చలమయ్య ఆ పక్కనే నిలబడి ఉంటాడు. తన సరుకుని తూచేటప్పుడు కాటా పక్కన నిలబడటం ఆయనకి అలవాటు.

పుల్లమ్మ చేతికి కట్టిన పట్టా బుస్సుమని ఉబ్బి దిగింది. నూట అరవై ఎనిమిది.

"ఇంకోసారి చూడమ్మా. పట్టా బిగిసిందేమో," అన్నాడు చలమయ్య.

"రెండుసార్లు చూశానండి."

వరసలోంచి జెస్సీ గొంతు లేచింది. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయి, నోరు మాత్రం షెడ్డంత. "మా అత్తకి బీపీ ఏందండీ! మా అందరికీ తెప్పించేదే ఆవిడ. ఆ మిషన్ చెడిపోయుంటది."

అందరూ నవ్వారు. పుల్లమ్మ నవ్వలేదు. ఒళ్ళో పడ్డ తొడిమనొకదాన్ని తీసి, చేత్తో నలుపుతూ అడిగింది. "అయితే వచ్చే మంగళారం దాకేనా అమ్మా నేను?"

"తగ్గితే ఏం లేదమ్మా. ఉప్పు తగ్గించు. పచ్చడి మానెయ్."

"షెడ్డు కాదంటే ఇంక పత్తిచేనే నాకు. అరవయ్యొకటి వచ్చినయ్. నడుం వంచితే మళ్ళీ లేవదు." ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు. లేచి వెళ్ళి తన గోనెపట్టా మీద కూర్చుంది.

చలమయ్య అదే కుర్చీలో కూర్చుని చేయి చాచాడు. నూట ముప్పై ఆరు. యాభై తొమ్మిదేళ్ళు, బొజ్జ, ఏడేళ్ళ నుంచి బీపీ మాత్ర, పొద్దస్తమానం ఏసీ గదిలో కూర్చోవడం. అవతల పుల్లమ్మ పీచులాంటి మనిషి. కాలనీలో రెండు అంతస్తులు ఎక్కి దిగుతుంది, చెంచాడు నూనెతో కూర వండుకుంటుంది. తన సరుకు తాలు, ఆమె సరుకు మేలు. కాటా మాత్రం తలకిందులుగా చూపిస్తోంది. చలమయ్యకి లెక్క కుదరలేదు. లెక్క కుదరకపోతే ఆయనకి అన్నం సయించదు.

హేమశ్రీ సంచీ సర్దుకుంటూ గట్టు మీదున్న టీ గ్లాసుల్ని చూసింది. "ఇదేంటండీ, పాలు పొయ్యరా?"

"మిరప ఘాటుకి పాల టీ తాగితే గొంతులో జిగురు కడుతుందంటారమ్మా. మా నాన్న కాలం నుంచీ బ్లాక్ టీయే. పదకొండుకోసారి, సాయంత్రం అయిదింటికోసారి. మంచిది కాదా?"

"మంచిదేనండి. రోజూ రెండు మూడు కప్పులు తాగేవాళ్ళకి నెలల మీద రక్తనాళాలు కాస్త మెత్తబడి బాగా సాగుతున్నాయని కొన్ని పరిశోధనల్లో తేలింది. నాళం లోపల సన్నటి పొర ఉంటుంది కదా, దానికి మేలు. అలాగని మందేం కాదు. కాకపోతే తాగిన అరగంట, గంట మటుకు బీపీ కొంచెం పైకి పోవచ్చు."

చలమయ్య చెవులు నిక్కించాడు. "ఒకే టీ అటు పెంచుతుందీ, ఇటు తగ్గిస్తుందీనా?"

"ఇవాళ కొంచెం పెంచి, రేపటికి మేలు చేస్తుందనుకోండి," అని స్కూటీ ఎక్కింది.

ఒకే సరుకుకి ఒకే రోజు రెండు ధరలు పలకడం చలమయ్యకి కొత్త కాదు. ఎందుకు పలికిందో కనిపెట్టినవాడే బాగుపడతాడు. పుల్లమ్మకి బీపీ చూసింది టీ తాగిన పావుగంటకే. దొంగ దొరికాడనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మెడికల్ షాపులో బీపీ మిషన్ కొనుక్కుని ఇంటికి పోయాడు. భార్య రమణమ్మ పాలు కాస్తోంది.

"నాకు పాలొద్దు. ఉట్టి డికాషన్ పొయ్యి. పెద్ద గ్లాసు."

"ఏవండీ, ఒంట్లో బాగుందా?"

"పరీక్ష చేస్తున్నా. మాట్లాడించకు, మాట్లాడినా పెరుగుతుందంట."

"ఆ పరీక్షేదో రోజూ చెయ్యండి, ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంటది," అని రమణమ్మ గ్లాసు ముందు పెట్టింది.

టీకి ముందు నూట ముప్పై నాలుగు. అరగంట తర్వాత నూట ముప్పై ఎనిమిది. రెండు గంటల తర్వాత నూట ముప్పై నాలుగు. మూడింటినీ కాయల మచ్చు పంపించే కాగితం కవరు వెనక రాసుకున్నాడు. డికాషన్ మొదటి గుటకకి నాలిక ముడుచుకుపోయింది. రెండో గ్లాసుకి, ఇందులోనూ ఏదో వాసన ఉందే అనిపించింది. పాలు ఇన్నాళ్ళూ దాన్ని కప్పేశాయి. మూడోనాటికి నాళాలు మెత్తబడ్డాయేమోనని మణికట్టు నొక్కి చూసుకుంటుంటే రమణమ్మ చూసి, "అది మామిడికాయ కాదు, నొక్కితే తెలియడానికి," అంది.

టీ తెచ్చేది నాలుగు పాయింట్లు. పుల్లమ్మకి కావలసింది ఎనిమిది, ఆ పైన. అయినా సగం దొరికింది కదా అని గురువారం పొద్దున షెడ్డు గేటు దగ్గర టీ బండి పెట్టే ఖుర్షిదాకి కబురు పెట్టాడు. మంగళవారం దాకా పదకొండు గంటల టీ వద్దు, సాయంత్రం టీ ఒక్కటే చాలని.

పదకొండయింది. కెటిల్ రాలేదు. పదిహేను తలకాయలు గేటు వైపు తిరిగాయి, మళ్ళీ కాయల వైపు తిరిగాయి. తొడిమలు తెగే చప్పుడు పెరిగింది.

"చేతులు మండుతుంటే కాస్త వేడి నీళ్ళు పొయ్యడానికి కూడా చేతులు రావడం లేదే," అంది జెస్సీ, పైకప్పు రేకుల్ని చూస్తూ.

"మీ అత్త కోసమేనే!" అన్నాడు చలమయ్య. పుల్లమ్మని ఆఫీసు ముందుకి పిలిచి, తన మిషన్ కట్టాడు. నూట అరవై అయిదు. శుక్రవారం మళ్ళీ చూశాడు. నూట అరవై నాలుగు.

టీ తీసేస్తే తగ్గింది మూడు, నాలుగు. మిగతాది ఎక్కడిది?

"నిద్ర పడుతోందా?"

"పడుతుందయ్యా."

"ఉప్పు?"

"ఊరగాయ మొహం చూసి నాలుగు రోజులు. నా మనవరాలు మహిమ, ‘నాయనమ్మా, నీ కూర తిని మాకూ రోగం వచ్చేట్టుంది’ అంటంది." పుల్లమ్మ కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. కాలి మీద కాలు వేసి, రెండు మోకాళ్ళూ దగ్గరికి బిగించి. "అయిందా అయ్యగారూ? ఇంక పోనా?"

ఆ కూర్చున్న తీరుని చలమయ్య కళ్ళు చూశాయి, బుర్ర మాత్రం పట్టుకోలేదు.

పట్టించింది ఖుర్షిదా. శనివారం పొద్దున ఆయన గేటులోకి రాగానే నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది. "ఏం సార్, పదకొండు గంటల టీ మొత్తానికి మానేశారా? నా టీలో ఏమైనా పడిందా?"

"టీ బాగానే ఉంది. వాళ్ళకి బీపీ పెంచుతోందని ఆపా."

"పదకొండింటి టీనా! అది తాగితే కదా సార్ పెంచేది. పదిహేను గ్లాసులు పోస్తే పదిహేనూ సగం సగం వెనక్కొస్తయ్. పారబోసి పారబోసి నా చేతులు నొప్పి పుట్టినయ్. సాయంత్రం అయిదింటికైతే చుక్క మిగల్చరు. ఇంకొంచెం పొయ్యి అక్కా అంటారు."

చలమయ్య అక్కడే ఆగిపోయాడు. అదే టీ, అదే మనుషులు. పదకొండింటికి సగం, అయిదింటికి నిండా. పొద్దున దాహం తక్కువా? కాయల దుమ్ములో అయిదు గంటలు కూర్చున్నవాళ్ళకా?

"ఇవాళ పదకొండింటికి తీసుకురా," అన్నాడు.

ఆ రోజు ఆఫీసులోకి పోలేదు. సంచుల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సరుకు కొనేవాడి కళ్ళతో మనుషుల్ని చూడటం అదే మొదటిసారి అనుకోవచ్చు. కెటిల్ వచ్చింది. జెస్సీ రెండు గుటకలు వేసి గ్లాసు గట్టు మీద పెట్టింది. పుల్లమ్మ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని వేడి అరచేతులకి పట్టించుకుంది, పెదవులు తడుపుకుంది, పెట్టేసింది. వరస చివరిదాకా అంతే. స్తంభం పక్కనున్న మంచినీళ్ళ కుండ మూత తీసి చూశాడు. పొద్దున నింపినప్పుడు మెడ దాకా ఉన్న నీళ్ళు మెడ దాకానే ఉన్నాయి.

"ఏం పుల్లమ్మా, ఇంత ఎండలో నీళ్ళు తాగరా మీరు?"

తొడిమలు తెగే చప్పుడు ఆగింది. పుల్లమ్మ ఒక కాయని అటూ ఇటూ తిప్పింది. "దప్పిక లేదయ్యా."

"అయిదింటికి ఉంటుందే? ఖుర్షిదా చెప్పింది."

ఇద్దరు ముసలివాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జెస్సీ చేతిలో కాయల్ని బుట్టలోకి విసిరికొట్టింది.

"అయిదింటికి తాగితే ఆరున్నరకి ఇంట్లో ఉంటాం. పదకొండింటికి తాగితే ఎక్కడికి పోవాలండీ?"

"ఒసే, నోరు ముయ్యి," అంది పుల్లమ్మ.

"నేనెందుకు ముయ్యాలి అత్తా? మూడు రోజుల నుంచి ఆయన మిషన్ పట్టుకుని నీ చుట్టూ తిరుగుతున్నాడు, అది కాదు ఇదని చెప్పవు నువ్వు." చలమయ్య వైపు తిరిగింది. "ఎనకమాల పత్తిచేను ఉన్నన్నాళ్ళూ చాటుకి పోయేవాళ్ళం. నిరుడు ప్లాట్లు ఏశారు. తెల్ల రాళ్ళు తప్ప మనిషంత మొక్క లేదు. పొద్దున ఇంటికాడ పోయినోళ్ళం, మళ్ళీ ఇంటికాడే. కాళ్ళు బిగబట్టుకుని కూర్చుంటాం. ఆ మేడమ్ అడుగుతది, వెళ్ళొచ్చారా అని. మీరు పక్కనే ఉంటారు. ఏమని చెప్పాలండీ?"

మూడు ప్రశ్నలు. ఆఁ, లేదు, ఆఁ. ఆ మూడో ‘ఆఁ’ని చలమయ్య ప్రతి వారం విన్నాడు. ఆ మూడూ బీపీని పెంచేవే, అయినా టీ ఒక్కటే ఆయన చెవికి ఎక్కింది.

కుండ మీద మూత పెట్టేశాడు. షెడ్డు వెనక మూలకి పోయాడు. అక్కడ ఆకుపచ్చ తలుపుంది, దాని మీద ‘స్త్రీలు’ అని బోర్డు. కంపెనీ ఇన్‌స్పెక్షన్‌కి ముందు కట్టించిన గది అది. వాళ్ళు ఫొటో తీసుకుని, కాగితంలో టిక్కు పెట్టుకుని పోయాక తాళం వేసింది తనే. తాళంచెవి గుత్తిలోనే ఉంది. తీస్తే, మచ్చు కవర్ల కట్టలు, పాడైన కాటా, పాత పరదాలు. వాటి వెనక తెల్లటి బేసిన్, కొత్తది, స్టిక్కర్ కూడా ఊడలేదు. కుళాయి తిప్పాడు. గాలి కూడా రాలేదు. వంగి చూశాడు. గోడ అవతలికి పైపు లేదు.

కుళాయిని ఎందుకో మళ్ళీ కట్టేసి బయటికొచ్చాడు.

ప్లంబర్ సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు. ఆదివారం షెడ్డుకి సెలవు. ఆ రోజంతా చలమయ్య ఇంకో గది గురించి ఆలోచించాడు. ఆఫీసులో తన బాత్రూము ఉంది, నీళ్ళున్నాయి. కానీ మిరప చేతులు. గొళ్ళెం మీద ఆ మంట అంటితే పది రోజులు పోదు. రేపు ప్లంబర్ వస్తాడుగా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. సోమవారం ప్లంబర్ రాలేదు. ఫోన్ చేస్తే, "బుధవారం తప్పకుండా సార్," అన్నాడు. సోమవారం కుండలో నీళ్ళు మెడ దాకానే ఉన్నాయి. అన్నం వేళ పుల్లమ్మ నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడం చూశాడు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి చలమయ్య తన ఆఫీసు తలుపు బార్లా తెరిచి, ఒక డబ్బా కొబ్బరినూనె, రెండు సబ్బులు గుమ్మంలో పెట్టాడు. గుత్తిలోంచి తన బాత్రూము తాళంచెవి తీసి పుల్లమ్మ పక్కన గోనెపట్టా మీద ఉంచాడు.

"వెనకది బుధవారానికి తయారవుద్ది. అందాకా నాది వాడుకోండి."

పుల్లమ్మ తాళంచెవిని ముట్టుకోలేదు. "మీ గదా అయ్యగారూ? వద్దులెండి."

"పదకొండింటికి మిషన్ వస్తుంది పుల్లమ్మా."

ఆ మాటకి ఆమె కళ్ళెత్తి చూసింది. అయినా కదల్లేదు. ఆయన షెడ్డు అవతల కాటా దగ్గరికి వెళ్ళిపోయాక, జెస్సీ తాళంచెవి లాక్కుని, "నువ్వు పోకపోతే నేను పోతా," అంటూ లేచింది. ఒక్కరు కదిలితే చాలు, గుమ్మం ముందు వరస కట్టారు. మిరప చేతులతో అంత తేలిగ్గా అయ్యే పని కాదు. ముందు నూనె రుద్దుకోవాలి, సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి, లేకపోతే ఒళ్ళు మండిపోతుంది. మనిషికి ఎనిమిది నిమిషాలు. పదిహేనుమందికి రెండు గంటలు.

ఈ లెక్క చలమయ్య ముందు వేసుకోలేదు. ఏడో రోజు పరీక్ష కాబట్టి ఇంటి దగ్గర రెండు పెద్ద గ్లాసుల బ్లాక్ టీ తాగి వచ్చాడు. పదింటికి ఆఫీసు వైపు చూశాడు. గుమ్మం ముందు తొమ్మిదిమంది. పదిన్నరకి చూశాడు. అయిదుగురు. అంతమంది ఆడవాళ్ళని తప్పించుకుని లోపలికి పోవడం ఎలా? వెనక ప్లాట్ల వైపు చూశాడు. తెల్ల రాళ్ళు తళతళలాడుతున్నాయి. కాటా పక్కన సంచి మీద కూర్చుని, కాలి మీద కాలు వేసుకున్నాడు.

పదకొండుకి ఖుర్షిదా కెటిల్ తెచ్చింది. హేమశ్రీ స్కూటీ కూడా అప్పుడే ఆగింది. "ముందు బీపీ, తర్వాత టీ," అని చలమయ్య అక్కడి నుంచే కేకేశాడు.

పుల్లమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద విడివిడిగా ఉన్నాయి. ప్రశ్నలయ్యాయి. మూడోదానికి ఆమె తల ఎత్తి, "వెళ్ళొచ్చానమ్మా," అంది. పట్టా ఉబ్బింది, దిగింది. షెడ్డులో ఒక్క తొడిమ తెగలేదు.

"నూట యాభై నాలుగు."

జెస్సీ చప్పట్లు కొట్టింది. పుల్లమ్మ చేతికున్న పట్టాని తనే విప్పుకుని, మడతపెట్టి హేమశ్రీకి ఇచ్చింది. "అంటే ఉండొచ్చా అమ్మా?"

"ఉండొచ్చు. కానీ ఇది కూడా ఎక్కువేనమ్మా. ఆసుపత్రిలో చూపించుకుని మాత్ర మొదలుపెట్టు. ఇంత తేడా ఎందుకొచ్చిందో మరి," అని చలమయ్యని చూసింది. "టీ ఆపినందుకేనా అండీ?"

"టీది నాలుగే," అన్నాడు చలమయ్య. ఎందుకో ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"మీరూ కూర్చోండి మరి."

కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగుసుకున్నాయి. హేమశ్రీ కాగితం చూడకుండానే గడగడా అడిగేసింది. "టీ, కాఫీ తాగారా? పొగాకు అలవాటుందా? బాత్రూముకి వెళ్ళొచ్చారా?"

ఎదురుగా పదిహేనుమంది. చలమయ్య తల వంచుకున్నాడు.

"ఆఁ. లేదు. ఆఁ."

పట్టా ఉబ్బింది, దిగింది. హేమశ్రీ కనుబొమలు లేచాయి. "నూట అరవై మూడు. సార్, మీకు వారం గడువు!"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత జెస్సీకి అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు, పగలబడి నవ్వింది. "అబద్ధమమ్మా! మూడోది అబద్ధం! తొమ్మిదింటి నుంచి ఆయన ఆ కాటా దగ్గర్నుంచి కదిలితే ఒట్టు!"

నవ్వు షెడ్డంతా పాకింది. చలమయ్య చెవులు తేజ రకం మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. పుల్లమ్మ ఒక్కతే నవ్వకుండా లేచి నిలబడింది. ఆఫీసు గుమ్మంలో ఇంకా ఇద్దరున్నారు.

"తప్పుకోండే," అంది మేస్త్రి గొంతుతో. "అయ్యగారిని పోనియ్యండి ముందు." ఆయన పక్క నుంచి పోతుంటే, ఆయనకి మాత్రమే వినిపించేట్టు అంది. "రెండు గంటలకే ఇట్టయిందా అయ్యగారూ?"

చలమయ్యకి జవాబు చెప్పే వ్యవధి లేదు.

తిరిగొచ్చేసరికి ఖుర్షిదా గ్లాసులు నింపుతోంది. హేమశ్రీకి కూడా ఒకటి ఇచ్చింది. చలమయ్య గట్టు మీద, వాళ్ళ వరస చివర కూర్చున్నాడు. పుల్లమ్మ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. వేడి అరచేతులకి పట్టించుకుంది. తాగింది. మళ్ళీ తాగింది. అడుగున మిగిలిన పొడిని ఒక్కసారి తిప్పి, పారబోసి, గ్లాసు బోర్లించింది.

"సార్, మీకు?" అంది ఖుర్షిదా.

"నిండా పొయ్యి."

పన్నెండున్నరకి స్తంభం దగ్గర జెస్సీ గొంతు మళ్ళీ లేచింది. "కుండ ఖాళీ అయిందండోయ్! నీళ్ళెవరు తెస్తారు?"

చలమయ్య బిందె అందుకుని లేచాడు.